రెండు మందుల గ్లాసు

నేను ఒక స్టీలు గ్లాసును. రేకుగా పుట్టి, అచ్చులో అణిగి, మెరుగెక్కి, పెళ్ళి కానుకగా వీరాస్వామి ఇంటికొచ్చాను. ఆయన గోదావరి మీద పంటు నడిపేవాడు. మనుషుల్నీ మోటారుసైకిళ్ళనీ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి చేర్చేవాడు. పద్నాలుగేళ్ళు నాలో టీ తాగాడు.

ఒక వరదల నెలలో ఆయన తమ్ముడు ప్రకాశం పంటు అంచు నుంచి జారిపోయాడు. తాడు అందేలోపే సుడి లాగేసింది. చుక్కాని వీరాస్వామి చేతిలోనే ఉంది. ఆ తర్వాత ఆయనకి అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. పట్టపగలు టీ తాగుతూ తాగుతూ ఉలిక్కిపడి తల తిప్పేవాడు.

"బుల్లీ, వాడు పిలిచాడే. అన్నయ్యా అన్నాడు."

భార్య బుల్లిరత్నం దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. నెలలు గడిచినా మార్పు లేకపోయేసరికి అమలాపురంలో మనసు డాక్టరమ్మకి చూపించింది. ఆవిడ చెప్పినదంతా బుల్లిరత్నం ఇంటికొచ్చి మొగుడికి నాలుగుసార్లు అప్పజెప్పింది. "రోజూ పొద్దున్నే ఒక బిళ్ళ. గుణం కనపడ్డానికి వారాలు పడుతుందంట. మీ అంతట మీరు మానకూడదంట. ఈ మందు వాడినన్నాళ్ళూ ఆ మందు ముట్టకూడదంట."

మనుషులు చిత్రమైనవాళ్ళు. దిగులు తగ్గించేదానికీ, పెంచేదానికీ ఒకటే పేరు పెట్టుకున్నారు.

నాలో నీళ్ళు పోసుకుని రోజూ బిళ్ళ మింగేవాడు. నెలన్నరకి తేరుకున్నాడు. ఒకనాడు రొయ్యల ఇగురు మారు వడ్డించమన్నాడు. బుల్లిరత్నం వంటింట్లోకెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

ప్రకాశం సంవత్సరీకానికి బావమరిది దుర్గబాబు సీసా తెచ్చాడు. "ఒక్క పెగ్గుకేమవుద్ది బావా? మామూలు మనిషివైపోయావుగా!"

పొద్దున బిళ్ళకి పట్టిన నీళ్ళ తడి నాలో ఇంకా ఆరలేదు. దాని మీదే పోశాడు. ఆ పూట ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే కొంప ముంచింది.

మర్నాటి నుంచి పెరటి గోడ చాటున రోజూ అదే. పొద్దున ఈ మందు, మధ్యాహ్నం ఆ మందు. కళ్ళు మూతలు పడేవి, మాట ముద్దగా వచ్చేది, అడుగు తడబడేది. మత్తు దిగాక దిగులు రెట్టింపై కూర్చునేది. ఆగిన పిలుపు మళ్ళీ మొదలైంది.

పదకొండో రోజు మిట్టమధ్యాహ్నం, నన్ను పట్టుకునే రేవులోకి దిగాడు. మోకాలి లోతు. నడుము లోతు.

"వస్తున్నానురా" అన్నాడు, పక్కింటికి వెళ్తున్నంత మామూలుగా.

రేవులో బట్టలుతుకుతున్న బుల్లిరత్నం ఉరికొచ్చి జుట్టు పట్టి వెనక్కి ఈడ్చింది. నేను జారి బురదలో కూరుకుపోయాను.

నాలుగో రోజున బుల్లిరత్నం నన్ను తవ్వి తీసి, తోముతూ, చూడ్డానికొచ్చిన తన తల్లితో చెప్పుకుంది. వీరాస్వామి డాక్టరమ్మ ముందు అంతా ఒప్పుకున్నాడట. ఆవిడ తిట్టలేదట. "చెప్పి మంచి పని చేశారు. మళ్ళీ మొదలుపెడదాం" అందట.

వీరాస్వామి పనికి వెళ్ళకుండా నెలలు గడిచాక, పంటు యజమాని సూర్రావుగారు ఇంటికొచ్చాడు, చంకలో సీసాతో. "రేపట్నుంచి పనిలోకి వచ్చెయ్యవయ్యా. ఇవాళ్టికి నాతో ఒక గుక్క" అని నన్ను ముందుకి లాక్కున్నాడు.

వీరాస్వామి నా మూతి మీద అరచెయ్యి బోర్లించాడు.

"వద్దండి. నేను మనసుకి మందు వాడుతున్నానండి."

బయటివాళ్ళతో ఆ మాట అనడం అదే మొదలు. సూర్రావుగారు సీసా మూత బిగించేదాకా వీరాస్వామి నా మీంచి చెయ్యి తియ్యలేదు.