కప్పని తాటిపత్రి

తాటిపత్రి కొన్నారు గాని కప్పలేదు.

జోయల్ కామారెడ్డిలో సిమెంటు, సలాకలు అమ్మే దుకాణంలో గుమాస్తా. వానలకు ముందు ఒక సాయంత్రం నీలిరంగు టార్పాలిన్ తాటిపత్రిని చంకన పెట్టుకొని ఎల్లారెడ్డిలో బస్సు దిగాడు. ఇంటి వెనుక గది మీద పెంకులు జారాయి. గది మట్టిగోడ బయటివైపు పొట్ట పెట్టింది. ఆ గోడ పక్కనే అతని తల్లి హన్మవ్వ మంచం.

భార్య ఎస్తేర్ నిచ్చెన తెచ్చి ఆనించింది. జోయల్ ఒక మెట్టెక్కి, వీధి వైపు చూసి, దిగాడు.

"వద్దు. లోపల పెట్టు."

"ఎందుకు?"

"మీ చిట్టి పాడెటోళ్లందరు గీ తొవ్వనే పోతరు. పైన నీలం గుడ్డ చూస్తే ఏమనుకుంటరు?"

"ఇల్లు కురుస్తున్నదనుకుంటరు."

"గదే వద్దంటున్న."

గది బాగుచేయించడానికి వారం రోజులుగా ఇద్దరూ అప్పుల్ని బియ్యంలా చెరిగి చూశారు. బ్యాంకు వడ్డీ తక్కువ, కాని బ్యాంకుకు దస్తావేజు కావాలి. తాత కట్టిన ఇంటికి పన్ను రసీదు తప్ప మరో కాగితం లేదు. పొదుపు సంఘంలో వడ్డీ ఇంకా తక్కువ, కాని హన్మవ్వ కంటి ఆపరేషనుకు తీసుకున్నదే ఇంకా తీరలేదు. బంగారం మీద తెద్దామంటే ఎస్తేర్ చెవులకున్నవి గిల్టువి. దుకాణానికి వచ్చే ఒకాయన అడగ్గానే ఇస్తానన్నాడు. నూటికి నెలకు మూడు రూపాయలు.

"ఆ పైసలు తెస్తే ఇల్లు నిలబడతది, మనం పడతం" అన్నాడు జోయల్.

మిగిలింది జీనత్ ఆపా నడిపే చిట్టి. ఇరవై మంది ఆడవాళ్లు, నెలకు ఐదేసి వేలు, మొత్తం లక్ష. ప్రతి నెలా పదో తారీఖున పాట. ఎవరు ఎక్కువ వదులుకుంటే ఆ నెల చిట్టి వాళ్లది. వదులుకున్న సొమ్ము అందరికీ పంపకం. తక్కువకు పాడుకోగలిగితే అంతకంటే చౌకైన అప్పు లేదు.

"పదిహేను వేల దాక పాడు. దాటితే ఇడిసిపెట్టు. అక్కర ఉన్నట్టు కనబడకు. కనబడ్డదో, పాట మీదికి పోతది. ఆకలైనోడు అంగట్ల బేరమాడినట్టైతది" అన్నాడు జోయల్.

తాటిపత్రి హన్మవ్వ మంచం కిందికి పోయింది. ఎస్తేర్ ముందు గోడకు సున్నం వేసింది. వెనుక కురిసేది కురుస్తూనే ఉంది. ముందు మెరిసేది మెరుస్తూనే ఉంది. చుక్క పడ్డ చోటల్లా గిన్నె పెట్టింది, గిన్నె నిండితే తొట్టి పెట్టింది, చప్పుడు వీధిలోకి పోకుండా గిన్నె అడుగున గుడ్డ పెట్టింది.

"ఇంట్ల గొడుగు పట్టుకుంటే ఎవలకు కనబడది గద. గదన్న కొనియ్యిరి" అంది హన్మవ్వ.

జూన్ పాటలో ఎస్తేర్ పదిహేను వేల దగ్గర ఆగింది. ఎంబ్రాయిడరీ మిషను కొనాలనుకున్న ముబష్షిరా పద్దెనిమిదికి పోయి చిట్టి ఎత్తుకుంది.

"నీకేం తక్కువే ఎస్తేరూ, ఇల్లు పెండ్లి ఇల్లు లెక్క మెరుస్తున్నది!" అని భుజం తట్టింది. ఎస్తేర్ నవ్వింది. జూలైలో కాలేజీ ఫీజు కట్టాల్సిన అనిల ఇరవైకి పాడింది. ఎస్తేర్ మళ్లీ నవ్వింది.

ఆగస్టులో ముసురు పట్టి ఐదు రోజులు విడువలేదు. నిజాంసాగర్ గేట్లు ఎత్తారన్నారు. జోయల్ గోడకు వెదురు బొంగు ఊతం పెట్టాడు. మట్టి పెళ్లలు మంచం మీద రాలుతున్నాయి.

"ఆపాతోని చెప్పనా?" అంది ఎస్తేర్. "ఎవలన్న నలుగురిల నిలబడి అక్కర చెప్పుకుంటే పాట లేకుండ, ఐదు వేలు కోసి ఇచ్చేస్తరు. ఎనకట గట్ల ఇచ్చిన్రు."

"బిచ్చమడిగినట్టు నిలబడతవా? రెండు నెలలసంది ఏం తక్కువలేదని నవ్వినవ్, ఇప్పుడేమని చెప్తవ్? ఫీజులోళ్లు అయిపోయిన్రు. ఈసారి పాడెటోళ్లే లేరు. పదికే వస్తది, చూడు."

చెప్పడానికి ఎస్తేర్‌కూ సిగ్గే. ఆమె సిగ్గుకు అతని లెక్క తోడైంది.

పదో తారీఖున, నమాజు అయిన తర్వాత పాట. వెళ్లేముందు ఎస్తేర్ అత్తను ముందు అర్రలో కుర్చీలో కూర్చోబెట్టింది.

"నేనొచ్చేదాక ఎనకకు పోకు అత్తమ్మా."

"చిట్టి దొరికితే ముందుగాల నాకు గొడుగు" అంది ముసలామె.

జోయల్ చెప్పినట్టే అయింది. జీనత్ ఇంట్లో ఆ రోజు పాడే ఉత్సాహం ఎవరిలోనూ లేదు. ఎస్తేర్ పెదవి మీద పదివేలు సిద్ధంగా ఉన్నాయి. అంతలో మూలనుండి వనజ లేచింది. పొలం పనికి పోయే మనిషి. ఎప్పుడూ పాట పాడి ఎరగదు.

"ఆపా, మొన్నటి గాలికి మా ఇంటి రేకులు లేచిపోయినయి. పిల్లలు బడి వరండల పంటున్నరు. నాకు పాడరాదు. మీ అందరి కాళ్లు మొక్కుత, ఈ నెల నాకియ్యిరి."

జీనత్ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"అందరం చూసినదే. ఐదు వేలు కోసి ఇద్దామా?"

తలలు ఊగాయి. ముబష్షిరా "ఇద్దాం" అంది. అనిల "ఇద్దాం" అంది. అప్పుడు జీనత్ చూపు ఎస్తేర్ దగ్గర ఆగింది.

"నువ్వు నెల నెల పాడుతున్నవ్ బిడ్డా. నీకేం తొందర లేదు గద?"

అందరి ముఖాలు తిరిగాయి. ఎస్తేర్ గొంతులో గోడ ఉంది, వెదురు బొంగు ఉంది, నిండిన తొట్టి ఉంది. వాటి ముందు రెండు నెలల నవ్వు అడ్డంగా ఉంది. వనజ ఆమెనే చూస్తోంది.

"లేదు ఆపా. అక్కకే ఇయ్యిరి."

వనజ డబ్బు లెక్కపెట్టి కొంగున ముడివేసుకుంటుండగానే వీధిలో ఎవరో ఎస్తేర్‌ను పేరు పెట్టి పిలిచారు.

ఆమె పరుగున వచ్చేసరికి హన్మవ్వ కుర్చీతో సహా వీధిలో ఉంది. పక్కింటి నారాయణ ఎత్తుకొచ్చి కూర్చోబెట్టాడు. తెల్లజుట్టు మీద ఎర్రమట్టి. దెబ్బ తగల్లేదు. వెనుక గోడ పడింది. దానితో దూలం, దూలంతో వాసాలు, వాసాలతో పక్కగోడ. సున్నం వేసిన ముందు గోడ మాత్రం తెల్లగా నిలబడి ఉంది. దాని తలుపులోంచి చూస్తే వెనుక ఆకాశం కనబడుతోంది.

చిట్టి ఆడవాళ్లంతా వెంటే వచ్చారు.

"గీ సున్నం ఎనక గిదా ఉన్నది?" అంది ముబష్షిరా.

జీనత్ నెత్తిన చేతులు పెట్టుకుంది. "అడిగితిని గద బిడ్డా! ఇప్పుడే, నా నోటితోనే అడిగితిని గద!"

వనజ ముందుకొచ్చింది. ఆమె కొంగు ముడిలో తొంభై ఐదు వేలున్నాయి. ముడి మీద చెయ్యి వేసింది. వానలో తడుస్తున్న బడి వరండా వైపు చూసింది. ముడి విప్పలేకపోయింది, చెయ్యి తియ్యలేకపోయింది.

"పో అక్కా" అంది ఎస్తేర్. "రేకుల దుకాణం బందు పెడతరు."

ఫోను అందిన జోయల్ దొరికిన బస్సెక్కి వచ్చాడు. రోజంతా సిమెంటు ధరలు చెప్పే మనిషి; చూడగానే లెక్క తెలిసిపోయింది. పొద్దున లక్షతో అయ్యే పని ఇప్పుడు మూడు లక్షలైనా ఆగదు. మూడు రూపాయల వడ్డీ ఆయనకు ఫోను చేశాడు.

"ఎల్లారెడ్డిల పడ్డది మీ ఇల్లేనా?" అన్నాడాయన. "పాపం. అయితే వడ్డీ నాలుగైతది తమ్మీ."

జోయల్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

మళ్లీ చినుకు మొదలైంది. నారాయణ, జోయల్ మట్టి తవ్వి మంచాన్ని బయటికి లాగారు. దాని కోళ్లు విరిగాయి. కింద తాటిపత్రి మడతపెట్టినట్టే ఉంది, ఎక్కడా చినగలేదు. దుకాణం చీటీ కూడా ఊడలేదు.

"ఇగ కప్పుండ్రి" అంది హన్మవ్వ. "చూసెటోళ్లు చూడనే చూసిన్రు."

ఆమె కుర్చీని గడపలోకి జరిపి, పైన తాటిపత్రిని విప్పారు. రెండు మూలలు ముందు గోడ మేకులకు కట్టారు. మూడో మూలకు వెదురు బొంగు పాతారు. నాలుగో మూల కట్టడానికి గోడ లేదు. ఎస్తేర్ దాన్ని చేత్తో పైకెత్తి పట్టుకొని, వానలో అలాగే నిలబడింది.