పద్నాలుగు పది బిళ్లలు

నేను ఒక పది రూపాయల నాణేన్ని. ముందే చెబుతున్నాను, నేను చెల్లుతాను. చుట్టూ పసుపు, నడుమ తెలుపు వేసి చర్లపల్లి టంకశాలలో నన్ను పుట్టించిన ప్రభుత్వం చెల్లనని ఏనాడూ అనలేదు. అన్నది కిరాణా కొట్లవాళ్లు, ఆటోవాళ్లు. పక్కవాడు తీసుకోవట్లేదని ప్రతివాడూ నన్ను వెనక్కి నెట్టాడు. చివరికి నన్ను వదిలించుకోవడానికి మనుషులకు దొరికిన దారి దానం.

అలా జగిత్యాలలో ఒక ఆఫీసు ఊడ్చే సత్తెవ్వ చేతికి వచ్చాను. "చాయ తాగు" అని అక్కడి సార్లు ఇచ్చేది మమ్మల్నే. ఆమెకు నలభై రెండేళ్లు. పదో తరగతి పాసైతే అటెండరును చేస్తామన్నారు. ఆదివారాలు ఓపెన్ స్కూలుకు వెళ్లి అన్నీ గట్టెక్కింది గానీ, లెక్కల్లో రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే ఆ పోస్టు ఇంకొకరికి పోతుంది.

ఒక ఆదివారం క్లాసులో నేను ఆమె కొంగుముడిలో ఉన్నాను. లెక్కలు చెప్పే రాజేశం సారు బోర్డు మీద లెక్క రాశారు. సంచిలో అయిదు, పది రూపాయల నాణేలు కలిపి ముప్పై. విలువ రెండు వందల ఇరవై రూపాయలు. ఏవి ఎన్ని?

"పది బిళ్లలు ఎవలు తీసుకుంటరు సార్? అవి లేనట్టే," అంది సత్తెవ్వ.

క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. కానీ ఆమె ఆ మాట దగ్గరే ఆగలేదు.

"అన్నీ అయిదులే అనుకుంటే నూటయాభై. ఇంక డెబ్బై తక్కువ. ఒక అయిదు తీసి పది పెడితే అయిదు పెరుగుతది. అంటే పదులు పద్నాలుగు, అయిదులు పదహారు."

"మరి x, y ఏవి? వట్టి జవాబుకు నాలుగింట్లో ఒక్క మార్కే," అన్నారు సారు.

"జవాబు తప్పా సార్?"

"తప్పు కాదు."

"మరి మిగిలిన మూడు మార్కులు ఎందుకు పోవాలె?"

సారు మళ్లీ బోర్డు వైపు తిరిగారు. అయిదుల సంఖ్య x, పదుల సంఖ్య y అని రాశారు. x + y = 30. 5x + 10y = 220. మొదటిదాన్ని అయిదుతో హెచ్చవేసి రెండోదాంట్లోంచి తీసేశారు. 5y = 70 మిగిలింది.

"అన్నీ అయిదులే అనుకున్నవు చూడు, ఆ నూటయాభై ఇదే. నేను తీసేసింది దాన్నే," అన్నారు.

"అంటే నా లెక్కకే అంగీ తొడిగిన్రన్నట్టు," అంది సత్తెవ్వ. నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది.

పరీక్షలో నాణేలకు బదులు సినిమా టికెట్ల లెక్క వచ్చింది. దానికీ అంగీ తొడిగింది. ముప్పై ఎనిమిది మార్కులతో పాసైంది.

అటెండరు ఆర్డరు ఇచ్చిన రోజు ఆఫీసు పెద్దసారు నవ్వుతూ అడిగారు. "ఈ వయసుల లెక్కలు ఎట్ల నేర్చినవ్ సత్తెవ్వా?"

"లెక్కలు నాకు ఎప్పటినుంచో వచ్చు సార్," అంది ఆమె. "మీరు అడిగినట్టు రాసుడే ఇప్పుడు నేర్చిన."