కోయని ఫొటో

వరప్రసాదం కాలి బొటనవేలితో సీపీయూ బటన్ నొక్కి, బిందె తీసుకుని బస్టాండు కుళాయికి వెళ్లాడు. నీళ్లు పట్టుకొచ్చి, దుకాణం ముందు చల్లి, మిగిలినవి కుండలో పోసేసరికి కంప్యూటర్ తయారుగా ఉండేది. ఏళ్లుగా అదే వరస.

ఈ రోజు కుండ నిండింది గానీ తెర వెలగలేదు. నలుపు మీద తెల్ల చుక్కలు గుండ్రంగా తిరిగి ఆగిపోయాయి. తెర ఆరింది. మళ్లీ కంపెనీ గుర్తు వచ్చింది, మళ్లీ చుక్కలు తిరిగాయి, మళ్లీ ఆరింది. ఆయన తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

ఏం చేశాడో ఆయనకు తెలుసు. అప్‌డేట్ చేయమని ఆ కంప్యూటర్ చాలాకాలంగా అడుగుతోంది. అడిగినప్పుడల్లా ‘తర్వాత’ అన్న చోట నొక్కేవాడు. నిన్న సాయంత్రం కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని పెళ్లికార్డు ప్రూఫు చూస్తూ, పక్క బటన్ నొక్కాడు. మధ్యలో ఆపితే చెడుతుందని దాన్ని అట్లాగే వదిలి, తలుపు వేసి ఇంటికి వెళ్లాడు.

దుకాణం బేస్తవారిపేట బస్టాండుకు ఎదురుగా, చెప్పుల కొట్టుకూ టీ బంకుకూ మధ్య ఉంది. పేరు గ్రేస్ డీటీపీ. గ్రేస్ ఆయన భార్య. లోపల తయారయ్యేదంతా కంప్యూటర్ పనే గానీ, తలుపు మీది బోర్డు మాత్రం ఆయన బ్రష్షుతో రాసింది.

వరప్రసాదం వాళ్ల నాయన మార్కాపురంలో పలకలు కోసేవాడు. విరిగిన ముక్కలు సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. వాటి మీద దిద్దిన అక్షరాలే కొడుక్కి బతుకుతెరువు అయ్యాయి. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి వరప్రసాదం గిద్దలూరు నుంచి దొనకొండ దాకా గోడల మీద పేర్లు రాశాడు. చర్చీల మీద రాశాడు, ఎరువుల దుకాణాల మీద రాశాడు, సమాధుల మీద రాశాడు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. బ్రష్షులు పాలపొడి డబ్బాలో పెట్టి అటక మీదికి చేర్చాడు. కంప్యూటర్ కొన్నాడు.

ఇప్పుడు చుట్టుపక్కల పల్లెల్లో మనిషి పోతే ముందు ఆయనకే ఫోను వస్తుంది. ఫొటో, పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, కింద ఒక బైబిలు వాక్యం. ఆయన తయారుచేసి మార్కాపురంలోని అచ్చు మిషనుకు పంపిస్తే, అచ్చయిన ఫ్లెక్సీ బస్సులో వస్తుంది. ఆ పల్లెల పెద్దవాళ్లకు ఒక అలవాటు ఉంది. తమ ఫ్లెక్సీకి ఏ ఫొటో పెట్టాలో, ఏ వాక్యం రాయాలో బతికుండగానే వచ్చి చెప్పిపోతారు. పిల్లలకు వదిలేస్తే ఓటరు కార్డు మీది ఫొటో పెట్టేస్తారని వాళ్ల భయం.

ఆయన సీపీయూ మూత విప్పాడు. దుమ్ము ఊదాడు. ర్యామ్ ముక్క బయటికి తీసి, దాని అంచును రబ్బరుతో రుద్దాడు. పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరే. సగం జబ్బులు దాంతోనే పోతాయి. మళ్లీ బిగించి బటన్ నొక్కాడు. చుక్కలు తిరిగాయి, ఆగాయి.

“ఏంది తమ్ముడా, దాని కడుపు కోసి పెట్టినావు?”

మగ్దలీనమ్మ. చేతిలో గుడ్డసంచి, భుజం మీద తువ్వాలు. వరసకు అక్క కాదు, ఆ పక్క పల్లె మనిషి. అయినా ఆయన చిన్నప్పటి నుంచీ అక్కా అనే పిలుస్తాడు.

“లేవడం లేదక్కా.”

“రేపు గుంటూరు ఆసుపత్రిలో నన్నూ ఇట్లనే ఇప్పుతారంట. నేనన్నా లేస్తానో లేదో.” ఆమె బెంచీ మీద కూర్చుని కాసేపు ఊపిరి తీసుకుంది. మెట్లు మూడే. వాటికే ఆయాసం వచ్చింది. “మధ్యాన్నం రైలు. మావాడు జాకబ్ టికెట్లకని కంభం పోయినాడు, ఆటో తీసుకొస్తానన్నాడు. పోయేలోపల నా బొమ్మ చూసి పోదామని వచ్చినా.”

వరప్రసాదం రబ్బరు కింద పెట్టాడు.

ఆ ఫొటో ఈ దుకాణంలోనే తీశాడు. ఒక క్రిస్మస్ ముందు మొగుడూ పెళ్లాం బట్టలు కొనుక్కుని, అవి కట్టుకునే వచ్చారు. ఆశీర్వాదం గళ్ల చొక్కా వేసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. మగ్దలీనమ్మ వెనక నిలబడి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. నవ్వమంటే ఇద్దరూ నవ్వలేదు. పక్కన టీ బంకు వాడు ఏదో అంటే నవ్వారు. అప్పుడు నొక్కాడు.

ఆశీర్వాదం పోయినప్పుడు ఫ్లెక్సీకి ఆ ఫొటోనే కోశాడు. మగ్దలీనమ్మను తీసేశాడు గానీ భుజం మీది వేళ్లు తీయలేకపోయాడు. తీస్తే చొక్కా గళ్లు చెడుతున్నాయి. వదిలేశాడు. సమాధి దగ్గర ఏడుస్తూనే ఆమె అది కనిపెట్టింది. “నన్ను కోసేసి వేళ్లు మాత్రం ఉంచినావేంది, వరప్రసాదా?” ఇంట్లో గోడకున్న కాపీని చెద తినేసింది. కోయని ఫొటో ఇక ఈ కంప్యూటర్‌లోనే ఉంది.

అప్పటి నుంచీ పేటకు వచ్చినప్పుడల్లా ఆమెది ఒకటే మాట. తన ఫ్లెక్సీలో ఆయనను కోయకూడదు.

“ఇద్దరినీ పెడితే ఇద్దరూ ఒకేసారి పోయినారనుకుంటారక్కా.”

“ఆయన పోయినాడని ఊర్లో కుక్కలక్కూడా తెలుసు.”

“తర్వాత చూద్దాంలే.”

ఆ ‘తర్వాత’ ఇప్పటికీ రాలేదు. ఆయన ఆ ఫొటో కాపీ ఒకటి తీసి పెట్టనూ లేదు. పెట్టాననుకున్నాడు. కనిగిరి కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసే కూతురు సుప్రియకు ఫోను చేస్తే ఆ భ్రమ తీరింది.

“ఫార్మాట్ కొట్టెయ్ నాయనా. ఎంతసేపని పట్టుకోని కూర్చుంటావు?”

“ఫొటోలన్నీ డెస్క్‌టాప్ మీద ఉండాయి మా.”

“బ్యాకప్ తీసుకోమంటి గదా?”

“తీసినా. అన్నీ పెన్ డ్రైవులోకి ఎక్కించినా.”

“అది పోయిన నెల నేను తెరిచి చూసినా. దాంట్లో ఉండేవి షార్ట్‌కట్లు. నొక్కితే ఫొటో ఎక్కడుందో చూపిస్తాయి, అంతే. నువ్వు ఊరి బోర్డు పీక్కోని పోయినావు నాయనా. ఊరు ఆడనే ఉంది.”

మగ్దలీనమ్మకు ఫోనులో మాటలు వినిపించాయి. “ఏమంటాది పాప?”

“ఫార్మాట్ చేస్తే లేస్తాది. కానీ ఫొటోలు పోతాయి.”

“లేవకపోతే?”

“అప్పుడూ కనపడవు.”

ఆమె తువ్వాలుతో మొహం తుడుచుకుంది. “ఇంట్లో ఆయన ఫ్లెక్సీ ఉంది గదా, దాన్ని జాకబ్ మేకల దొడ్డి మీద కప్పినాడు. వానకు కావాలంటే నేనే సరేనన్నా. బొమ్మ మాత్రం లోపలికి పెట్టమన్నా, ఎండకు రంగు పోతాదని. రోజూ కింద కూర్చోని చూస్తా. ఆయన ఒక్కడే నవ్వుతా ఉంటాడు, ఎవురితోనో. మేకలతో నవ్వుతున్నట్టు ఉంటాది.” ఆమె నవ్వింది. నవ్వుతోనే దగ్గు వచ్చింది. “నాదీ అట్లనే కోస్తే, ఆ వేళ్లు ఎవరివో చెప్పేదానికి ఎవరూ ఉండరు.”

వరప్రసాదం కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చాడు. టీ చెప్పాడు. ఆ తర్వాత ఫార్మాట్ మాట ఎత్తలేదు.

మదర్‌బోర్డు మీది గుండ్రటి సెల్ తీసి, కాసేపు ఆగి మళ్లీ పెట్టాడు. లాభం లేదు. తెర మీద రిపేరు మెనూ వచ్చినప్పుడు, చేసిన అప్‌డేట్ తీసేయమని నొక్కాడు. కంప్యూటర్ చాలాసేపు ఆలోచించి, తీయలేనని చెప్పింది. ఈలోగా పెళ్లికార్డు వాళ్లు వచ్చారు. రేపు రమ్మన్నాడు. వాళ్లు సణుక్కుంటూ పోయారు. మగ్దలీనమ్మ బెంచీ మీద కునికింది.

సుప్రియే మళ్లీ ఫోను చేసింది. “నాయనా, వెనకాల తగిలించినవన్నీ పీకేసి చూసినావా? మౌస్, కీబోర్డు తప్ప ఏదీ ఉండకూడదు.”

ప్రింటర్ పీకాడు. స్కానర్ పీకాడు. స్పీకర్ పీకాడు. ఇంకేం లేదనుకుని టార్చి వేసి చూస్తే, గోడ వైపున లాక్ కనిపించింది. బొటనవేలంత ముక్క. పాత తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్‌తో పాటు ఇచ్చింది. అది వెనక తగిలించి ఉంటేనే తెలుగు టైపు అవుతుంది. కొన్న రోజు పెట్టాడు. మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడు పీకితే దుమ్ము కూడా ఊడి వచ్చింది.

బటన్ నొక్కాడు. చుక్కలు తిరిగాయి. ఆగాయి. మళ్లీ తిరిగాయి. తెర వెలిగింది. నీలం మీద ఫైళ్లు వరసగా వచ్చి కూర్చున్నాయి.

“అక్కా.”

ఆమె లేవలేదు. ఆయన భుజం పట్టి కదిపాడు. కళ్లు తెరిచి, “వచ్చినాడా?” అంది.

ఫొటో తెరిచాడు. ఆమె సంచిలోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని, స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

“ఆ చొక్కా కనిగిరిలో తీసింది. గళ్లొద్దు, ముసలోడివి అంటే వినలేదు. బాగానే ఉంది.” ఆమె తెరకు ఇంకా దగ్గరగా వంగింది. “నా పళ్లు చూడు, అప్పుడెన్ని ఉండాయో.”

ఆయన లాక్ మళ్లీ తగిలించి చూశాడు. తెర వెంటనే బిగుసుకుపోయింది. పీకి మళ్లీ వేస్తే తెరుచుకుంది. ఆమె పేరూ, పుట్టిన తేదీ, వాక్యమూ టైపు చేసి పెట్టిన ఫైలు మాత్రం లాక్ లేకుండా అక్షరాలు చూపించడం లేదు. అన్నీ చదరాలు.

“బొమ్మ వచ్చింది గానీ, రాత రాదక్కా.”

“రాత లేకపోయినా ఏం? ఊర్లో నా పేరు తెలియనోళ్లు ఉండారా?” ఆమె కళ్లద్దాలు తీసింది. “కోయవు గదా?”

“కోయను.”

“తర్వాత చూద్దామనవు గదా?”

“అననులే అక్కా.”

ఆటో వచ్చింది. జాకబ్ దిగలేదు. “మామా, మా అమ్మను వదిలిపెట్టు, రైలు పోతాది. ఆసుపత్రికి పోయేటోళ్లు ఎవరన్నా ఫొటో చూసుకోని పోతారా?”

“పోయేటోళ్లే చూసుకోవాలి రా. వచ్చేటోళ్లు ఎప్పుడైనా చూసుకుంటారు,” అని మగ్దలీనమ్మ మెట్లు దిగింది. ఆటోలో కూర్చున్నాక తువ్వాలు ఊపింది.

మధ్యాహ్నమంతా ఆయన ఫైళ్లు ఎక్కించాడు. ఈసారి షార్ట్‌కట్లు కాదు, ఫొటోలే. ఎక్కుతుంటే ఒక్కొక్కటీ చూశాడు. నాగులు, వాళ్లమ్మ యల్లమ్మ, దొనకొండ స్టేషన్‌లో సమోసాలు అమ్మిన మనిషి, చర్చిలో డోలక్ వాయించిన రాజ్ కుమార్. అందరినీ ఒకప్పుడు ఈ స్టూలు మీదే కూర్చోబెట్టాడు. గడ్డం పైకెత్తమన్నాడు. నవ్వమన్నాడు. తర్వాత వాళ్లందరినీ కోశాడు.

పొద్దు వాలుతుండగా జాకబ్ ఫోను చేశాడు. వెనక బండ్ల చప్పుడు వినిపిస్తోంది.

“మామా. దొనకొండ దాటినాక అమ్మ నా భుజం మీద పడుకుంది. నిద్రపోతాందిలే అని లేపలేదు. వినుకొండలో టీ తాగుతాదేమోనని లేపితే లేవలేదు. వ్యాను మాట్లాడినా. ఇంటికి తీసుకొస్తున్నా.”

వరప్రసాదం లేచి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో తెలియక మళ్లీ కూర్చున్నాడు.

“ఫ్లెక్సీ రేపు పొద్దునకు కావాల మామా. అమ్మ ఒక్కతే ఉండేది పెట్టు. ఇద్దరిని పెడితే జనం ఏమనుకుంటారో.”

“కోయనని చెప్పినా రా.”

“సరే మామా,” అన్నాడు జాకబ్.

ఫోనులో టైపు చేసి పేరు కలపొచ్చని వరప్రసాదానికి తెలుసు. కలపలేదు. ఫొటో కింద జాగా వదిలి, ఉన్నదున్నట్టు మార్కాపురం పంపించాడు. స్టూలు ఎక్కి అటక మీది పాలపొడి డబ్బా దించాడు. బ్రష్షుల వెంట్రుకలు కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి. ఇంటికి తీసుకెళితే గ్రేస్ వాటిని కిరసనాయిల్లో నానబెట్టింది.

పొద్దున మొదటి బస్సులో ఫ్లెక్సీ వచ్చింది. దుకాణం ముందు పరిచి, మూలల్లో రాళ్లు పెట్టి, నల్ల పెయింటుతో రాశాడు. మొదటి అక్షరం కాస్త వంకర పోయింది. మూడో అక్షరానికి చెయ్యి కుదిరింది. ఆమె ఉన్న వైపు పేరు రాశాడు, తేదీలు రాశాడు, ఆమె చెప్పిన వాక్యం రాశాడు. ఆశీర్వాదం కింద ఏమీ రాయలేదు. పెయింటు ఆరేదాకా పక్కనే కూర్చున్నాడు.

పల్లెలో ఇంటి ముందు దాన్ని కట్టారు. ఎవరో ముసలామె చూసి, “ఇద్దరుండారే, పోయింది ఎవరు?” అంది. “పేరు ఉన్న మనిషి,” అని పక్కావిడ చెప్పింది. “మరి ఆయనో?” “ఆయన తోడొచ్చినాడు.” ఇంకెవరూ ఏమీ అడగలేదు.

సమాధి నుంచి తిరిగొచ్చాక కాళ్లు కడుక్కోవడానికి వరప్రసాదం పెరట్లోకి వెళ్లాడు. మేకలను ఎవరూ విప్పలేదు. అవి అరుస్తున్నాయి. విప్పడానికి వంగి దొడ్డి లోపలికి వెళ్లాడు. ఒక పీట ఉంది. పీట పక్కన గడ్డి పోచలు ఉన్నాయి. తల ఎత్తాడు. పైన కప్పిన ఫ్లెక్సీకి ఎండ తగలని వైపున గళ్ల చొక్కా రంగు పోలేదు. ఆ చొక్కా భుజం మీద నాలుగు వేళ్లు ఉన్నాయి.