తవిటమ్మ పేరు తెలుగులో

నౌపడ దగ్గర సముద్రపు ఒడ్డున చేపలమ్మే ఆడవాళ్ల సంఘం ఒకటుంది. 2015లో ఆ సంఘం ప్రెసిడెంటు తవిటమ్మ బస్సెక్కి రాజాం వచ్చి, నరసింగరావు నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో తన గుర్తింపు కార్డు బల్లమీద పెట్టింది.

"ఎవులో కంపెనీవోళ్లు ఇంగ్లీసులో కొట్టినారు. నా పేరు తావిటమా అట. మా పిల్ల దేవి సదివితే అందరూ ఒకటే నవ్వు. మా పేర్లు మాం పిలుసుకున్నట్టు తెలుగులో రావాల."

కొత్త కార్డుల కోసం ప్రతి ఆమె పేరూ, ఆమె చేపలమ్మే సంతలూ తెలుగులో నమోదు చేసే ఫారం తయారుచేసే పని, అక్కడ ప్రోగ్రాములు రాసే కృపారాణి మీద పడింది. ఆమె తండ్రి ఏసురాజు తాపీ పనివాడు. మిషన్ చర్చి బడిలో మొదలుపెట్టి ఎం.సి.ఏ. దాకా చదివిన మొదటి మనిషి ఆ ఇంట్లో ఆమే.

"ఫ్రేమ్‌వర్కులో రెడీమేడ్ ఫారం ఉన్నాది కదమ్మా, అదే పెట్టీ," అన్నాడు నరసింగరావు.

అది వీళ్లకు పనికిరాదని కృపారాణికి తెలుసు. ఒకామె ఒక్క సంతకే వెళ్తే ఇంకొకామె నాలుగు సంతలకు వెళ్తుంది. ఎన్ని సంతలుంటే అన్ని గళ్లు పెరగాలి. అందుకే ఫారం మొత్తం తనే HTMLలో రాసుకుంది, దాన్ని అందుకునే కోడ్ జావాలో రాసింది. రెడీమేడ్ ఫారానికైతే దొంగ ఫారాలు చొరబడకుండా కాపలా దానంతటదే వస్తుంది. సొంత ఫారం కనుక కాపలా కోడ్ కూడా ఆమే రాసి అన్నిటికంటే ముందు నిలబెట్టింది. ఇంగ్లీషు పేర్లు కొట్టి చూసుకుంది. అన్నీ చక్కగా సేవ్ అయ్యాయి.

శుక్రవారం పొద్దున సంఘం హాల్లో అరవై మంది ఆడవాళ్ల ముందు దేవి లాప్‌టాప్‌లో తల్లి పేరు తెలుగులో కొట్టి బటన్ నొక్కింది. జాబితా తెరుచుకుంది. పేరుండాల్సిన చోట నెత్తిన గీతలున్న ఇంగ్లీషు అక్షరాలు, వాటి మధ్య చిన్న చిన్న సున్నాలు, ఎండబెట్టిన మెత్తళ్ల చేపల్లా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

ఎవరూ నవ్వలేదు. అదే కృపారాణికి గుచ్చుకుంది.

"మళ్లీ ఇంతేనేటమ్మా?" అంది తవిటమ్మ.

"పోనీ, ఇంగ్లీషులోనే కానిచ్చేద్దాం," అని నరసింగరావు గొణిగాడు.

"సార్, మధ్యాహ్నం బోయినాల దాకా ఆగండి," అని కృపారాణి మూలన కుర్చీ లాక్కుని కూర్చుంది.

ముందు బ్రౌజరు ఏం పంపుతోందో చూసింది. తెలుగు సరిగ్గానే బయల్దేరుతోంది. డేటాబేసులోకి నేరుగా తెలుగు ఎక్కించి చూసింది, తప్పు అక్కడా లేదు. అంటే పేరు సర్వరు గుమ్మం దగ్గరే చెడిపోతోంది. వచ్చినదాన్ని UTF-8గా, అంటే తెలుగు అక్షరాలు పట్టే పద్ధతిలో, చదవమని చెప్పే ఫిల్టరు పెట్టాను కదా, మరి దాని మాట ఎందుకు చెల్లడం లేదు?

సెట్టింగుల ఫైలు తెరిచి పైనుంచి కిందికి వేలు పెట్టి చదివింది. మొదట కాపలా కోడ్, దాని కింద ఆ ఫిల్టరు. అసలు ఫారంలో దాచి పంపే రహస్య గుర్తు సరిచూడ్డానికి కాపలా కోడ్ ఫారాన్ని ముందే విప్పి చదివేస్తోంది. ఏ పద్ధతిలో చదవాలో అప్పటికి దానికెవరూ చెప్పలేదు. ఒకసారి చదివేశాక ఆ తర్వాత ఎంత చెప్పినా లాభం లేదు. ఇంగ్లీషు అక్షరాలకు ఏ పద్ధతిలో చదివినా తేడా రాదు కనుక తన పరీక్షల్లో ఇది బయటపడలేదు!

ఫిల్టరును పైకి, కాపలా కోడ్‌ను దాని కిందికి మార్చింది, అంతే. సర్వరు ఆపి మళ్లీ లేపింది.

"దేవీ, ఇంకోసారి కొట్టమ్మా."

దేవి నొక్కింది. తెరమీద గుండ్రంగా, నిండుగా, ఒక్క ఒత్తు వంకర పోకుండా పేరు నిలబడింది: మైలపల్లి తవిటమ్మ. కింద ఆమె తిరిగే మూడు సంతలూ ఉన్నాయి.

"ఒలమ్మో, అచ్చం నా పేరే!" తవిటమ్మ కృపారాణి రెండు చెంపలూ పట్టుకుని ఊపేసింది. హాలంతా ఒక్కసారి గోలెత్తింది. నా పేరు ముందంటే నా పేరు ముందని బల్ల చుట్టూ మూగిన ఆడవాళ్లను వరసలో నిలబెట్టడానికి నరసింగరావు గొంతు చించుకోవలసి వచ్చింది.

"సార్, ఈ ఫారం ఎవులు సేసినారు?" అని వెనకనుంచి ఒకామె అడిగింది.

"మా కృపారాణే, మొత్తం సొంతంగా రాసినాది," అన్నాడు ఆయన, ఛాతీ విరుచుకుని.

కృపారాణికి ఆ మాట వినపడలేదు. ఆమె అప్పటికే రెండో పేరు అడుగుతోంది.