గీత బయటి చుక్క

కొలతల ఇంజనీర్ల సంఘంలో ఒక ఆచారం ఉంది. ఏడాదికోసారి ఒక ఉక్కు ముక్కను చెక్కపెట్టెలో పెట్టి, ఊళ్ళోని ఎనిమిది కొలతల ల్యాబులకూ వరసగా తిప్పుతారు. చొక్కా జేబులో పట్టేంత ముక్క, పొడవు వంద మిల్లీమీటర్లు. ఎవరికి వారు దాన్ని కొలిచి, అంకె ఎంతో, ఆ అంకె అటూ ఇటూ ఎంత జరగొచ్చో రాసి, కవరు అంటించి పంపాలి. వార్షిక సమావేశంలో కార్యదర్శి కవర్లు విప్పి, బోర్డు మీద ఒక్కో ల్యాబుకు ఒక్కో చుక్క పెడతాడు. బోర్డు మధ్యలో అడ్డగీత ఉంటుంది. అది పోయినేడాది అందరూ ఒప్పుకున్న పొడవు. చుక్క గీతకు దూరంగా పడితే ఆ ల్యాబువాళ్ళు లేచి నిలబడి కారణం చెప్పుకోవాలి. పెద్దపెద్దవాళ్ళకు కూడా ఆ నిలబడడం బడిలో బెంచీ ఎక్కినట్టే ఉంటుంది.

ఈసారి పెట్టె ఏడోదిగా పంపుల ఫ్యాక్టరీ ల్యాబుకు వచ్చింది. అక్కడ కొలతలు చూసేది ఇరవై ఎనిమిదేళ్ళ అమ్మాయి. ముందున్న పెద్ద మేడం రిటైరయ్యాక ఆ కుర్చీలో కూర్చుంది కాబట్టి అందరూ చిన్న మేడం అంటారు. ల్యాబు గదిని ఎప్పుడూ ఇరవై డిగ్రీల దగ్గర ఉంచాలి. అందుకని ఆమె ఏడాది పొడుగునా స్వెట్టరేసుకునే పనిచేస్తుంది. "ఊరంతా చెమటలు కక్కుతుంటే నువ్వొక్కదానివే స్వెట్టరు సంచిలో పెట్టుకుని బయల్దేరతావేంటే?" అని వాళ్ళమ్మ రోజూ ఆశ్చర్యపోతుంది.

చిన్న మేడం సంఘంలో పూర్తి సభ్యత్వానికి దరఖాస్తు పెట్టుకుంది. సభ్యుల్ని మూడేళ్ళకోసారే చేర్చుకుంటారు. కారణం చెప్పలేని చుక్క గీత బయట పడితే దరఖాస్తు పక్కన పెట్టేస్తారు. అంటే ఈసారి తప్పితే మళ్ళీ మూడేళ్ళు.

"ఆ సంఘంలో చేరితే ఏమొస్తుందే?" అన్నాడు వాళ్ళ నాన్న. ఆయన ఇళ్ళకు రంగులేసే మేస్త్రి. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది.

"పేరు వెనక నాలుగక్షరాలొస్తాయి నాన్నా."

"ముందున్న ఇంటిపేరు చాలలేదా?" అని నవ్వాడు గానీ, మర్నాడు పనిలో ఉన్న తోటి మేస్త్రీలందరికీ మా అమ్మాయికి పేరు వెనక అక్షరాలొస్తున్నాయని చెప్పేశాడు.

ముక్కను రాతిబల్ల మీద ఒక రోజంతా కదపకుండా ఉంచి, గది చల్లదనానికి వచ్చాక ఆమె కొలిచింది. సంఘం పుస్తకంలో రాసిన పోయినేడాది పొడవుకన్నా పొట్టిగా వచ్చింది. మైక్రానులో మూడో వంతు, వెంట్రుక మందంలో రెండు వందలో వంతు. బయటివాళ్ళకు అదో తేడా కాదు. సంఘంలో మాత్రం పరువు పోవడానికి అది చాలు.

చేతివేడి తగిలితే ముక్క సాగాలి గానీ కుదించుకుపోదు. తను పోల్చి చూసే సొంత ముక్క వేడెక్కిందేమో? రెంటినీ పక్కపక్కన ఇంకో రోజు ఉంచింది. దీపం ఆర్పేసింది. ఊపిరి తగలకుండా ముక్కూ మూతీ గుడ్డతో కట్టుకుంది. తొమ్మిదిసార్లు కొలిచింది. తొమ్మిదిసార్లూ అంతే.

"పుస్తకంలో అంకె ఉందిగా అమ్మాయ్," అన్నాడు స్టోర్‌లో పనిచేసే బాబాయ్, గుమ్మం దగ్గర నిలబడి. "దాన్నే కాస్త అటూ ఇటూ చేసి రాసెయ్. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"అయితే కొలవడం దేనికి బాబాయ్?"

"అదీ నిజమే," అన్నాడాయన. "ఆ గుడ్డ తీసెయ్. బ్యాంకు దోచుకోవడానికి వచ్చినట్టున్నావు."

ఇంకో దారి ఉంది. అటూ ఇటూ జరగొచ్చన్న తేడాను పెద్దదిగా రాసుకుంటే చుక్క ఎక్కడున్నా గీతను తాకినట్టే లెక్క. ఆమె ఆ కాగితం కూడా రాసి చూసుకుంది. తొమ్మిదిసార్లు ఒకేలా వచ్చినదాన్ని నాకు సరిగ్గా తెలియదని ఎలా రాయడం? ఆ కాగితం చించేసి, ఉన్నది ఉన్నట్టు రాసి, కవరు అంటించింది.

సమావేశం టైర్ల కొట్టు పైనున్న హాల్లో జరిగింది. యాభై ప్లాస్టిక్ కుర్చీలు, రెండు ఫ్యాన్లు, ఒక బోర్డు. అధ్యక్షురాలు కాలేజీలో ముప్పై ఏళ్ళు కొలతల పాఠం చెప్పి రిటైరైన పెద్దావిడ. కార్యదర్శి కరెంటు మీటర్ల కంపెనీ ల్యాబు పెద్ద. అందరికన్నా చివర కొలిచేది ఆయనే.

కార్యదర్శి చుక్కలు పెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, అన్నీ గీత మీదో గీత పక్కనో పడ్డాయి. ఆరోది బేరింగుల ఫ్యాక్టరీ ఇంజనీరుది. ఆయన ల్యాబులో మేకు కూడా మెరుస్తుందని ఆయనకు తళతళ అని పేరు. అదీ గీత మీదే. ఏడో కవరు విప్పి కార్యదర్శి అంకె రెండుసార్లు చూసుకున్నాడు. చుక్క కింద ఎక్కడో పడింది. ఎనిమిదోది ఆయన సొంతది, గీత మీద సూదితో గుచ్చినట్టు కూర్చుంది.

"చిన్న మేడంగారూ, ముక్కను ఫ్రిజ్జులో పెట్టి కొలిచారా?" అన్నారెవరో వెనకనుంచి. నవ్వులు.

ఆమె లేచింది. నోట్‌బుక్కు చేతిలోకి తీసుకుంది.

"కారణం నాకు తెలియదండీ," అంది. "తొమ్మిదిసార్లు కొలిచాను. ఏ రోజు, గదిలో ఎంత వేడి ఉంది, అన్నీ ఈ నోట్‌బుక్కులో ఉన్నాయి. ఎందుకిలా వచ్చిందో చెప్పలేను. అలాగని రాలేదని కూడా చెప్పలేను."

చెప్పాల్సింది అయిపోయింది. కూర్చోవాలో నిలబడాలో తెలియక నిలబడే ఉంది. మూడేళ్ళు అని మనసులో అనుకుంది.

అధ్యక్షురాలు నోట్‌బుక్కు తెప్పించుకుని, కళ్ళజోడు పైకి తోసుకుని, నిదానంగా పేజీలు తిప్పింది. "దీని తర్వాత ముక్క ఎవరి దగ్గరికెళ్ళింది?"

అందరూ కార్యదర్శి వైపు చూశారు. ఆయన చేతిలో చాక్‌పీసు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, "నాకూ మొదట అంతే వచ్చింది," అన్నాడు.

"మరి?"

"పుస్తకంతో కలవలేదు. నా మిషనే తప్పనుకున్నాను. ఆ తేడా మిషనుకు కలిపేసి, మళ్ళీ కొలిచాను. కలిసింది."

"కలవక చస్తుందా!" అంది అధ్యక్షురాలు. హాలంతా ఘొల్లుమంది. కార్యదర్శి కూడా నవ్వేశాడు.

"అంటే ఆరో ల్యాబుకీ ఏడో ల్యాబుకీ మధ్య ముక్కే పొట్టిదయింది. ఎలా?" అంది అధ్యక్షురాలు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు తళతళ కుర్చీలోంచి సగం లేచాడు. "నేను కొలిచి అంకె రాసేశాకేనండీ... పెట్టెలో పెట్టబోతుంటే కొసన ఒక చిన్న తుప్పు మరక కనబడింది. అలా పంపడానికి చేతులు రాలేదు. కొంచెం... సానరాయితో రుద్దాను."

"కొంచెమా?"

"మెరిసేదాకా."

ఇంకెక్కడైనా ఆ మాటకు మెచ్చుకునేవారు. ఇక్కడ మాత్రం యాభైమంది ఒకేసారి తలలు పట్టుకున్నారు. "అయ్యో మహానుభావా! మాకు ఇల్లు కడిగిపెట్టమంటే పునాది కూడా కడిగేసేవాడివి నువ్వు!" అన్నారొకరు.

కార్యదర్శి ఎవరూ అడక్కుండానే బోర్డు దగ్గరికెళ్ళి, తన చుక్కను అరచేత్తో చెరిపి, చిన్న మేడం చుక్క పక్కన మళ్ళీ పెట్టాడు. రెండు చుక్కలకూ మధ్య వేలు కూడా పట్టదు. ఆ రెంటి మీదుగా కొత్త గీత గీసి, "ఇకనుంచి దీని పొడవు ఇదే," అన్నాడు.

తర్వాత సభ్యత్వాల సంగతి వచ్చింది. చిన్న మేడం పేరు చదవగానే చేతులు లేచాయి. తళతళ రెండు చేతులూ ఎత్తాడు. "ఒక్కటే లెక్క, రెండోది దించండి," అంది అధ్యక్షురాలు. రిజిస్టరులో సంతకం పెట్టేటప్పుడు చిన్న మేడం పేరు వెనక ఆ నాలుగక్షరాలు కూడా రాసింది. అక్షరాలు కొంచెం వంకరగా పడ్డాయి. ఫర్వాలేదనుకుంది.

సమావేశం వివరాలు రాసే పుస్తకం కార్యదర్శి ఆమె ముందుకే జరిపాడు. "నువ్వు రాయమ్మా. నా గురించి నేను రాసుకుంటే మళ్ళీ ఏదో ఒకటి కలిపేస్తాను."

ఆమె రాస్తుంటే ఆయన పక్కన కూర్చుని చూశాడు. "'చిన్న సవరణ' ఏంటి? కార్యదర్శి పొరపాటు అని రాయి."

"పెద్దవాళ్ళు కదా సార్..."

"ముక్కను మొహమాటం లేకుండా కొలిచావుగా? ఇదీ అంతే."

ఆమె నవ్వుకుని, ఆ మాట కొట్టేసి, ఆయన చెప్పినట్టే రాసింది. కింద టైర్ల కొట్టువాళ్ళు షట్టరు దించుతున్నారు. ఎవరో టీలు పట్టుకొచ్చారు. ఇంకా రెండు పేజీల పని ఉంది. ఆమె గ్లాసు పుస్తకానికి దూరంగా పెట్టుకుని, కింది పంక్తిలో, ముక్క మీద మరక కనబడితే రుద్దకుండా కార్యదర్శికి ఫోన్ చెయ్యాలన్న కొత్త నియమం రాయడం మొదలుపెట్టింది.