నిప్పుకోడి కూర్చుంది

ఆ లాండ్రీలో ఆమెను అందరూ నిప్పుకోడి అనేవారు. మెడ కాస్త పొడవు కావడం ఒక కారణం. అసలు కారణం నోరు. ఎవరైనా ఒక్క మాట తేడాగా అంటే ఒంటికాలి మీద లేచేది.

ఊళ్లోని ఆసుపత్రుల దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల కోట్లు అన్నీ అక్కడికే వచ్చేవి. ఉతికి పిండిన దుప్పటిని ఇద్దరు ఆడవాళ్లు చెరో కొసా పట్టుకుని వేడి రోలర్ల మధ్యకు అందిస్తే, అవతలి వైపు అది ఇస్త్రీ అయి బయటకు వచ్చేది. ఆమెకు జోడీ ఒక పెద్దావిడ. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆవిడను "పిన్నీ" అని పిలిచేది.

రోలర్ల పైన గోడకు ఉన్న పెద్ద ఫ్యాను ఎండాకాలం మొదట్లోనే ఆగిపోయింది. ఆవిరి బయటకు పోయే దారి లేక లోపలే కమ్ముకునేది. గోడలకు కూడా చెమటలు పట్టేవి. నిప్పుకోడి మాటిమాటికీ మేనేజరు గదికి వెళ్లి అరిచేది. మేనేజరు చూడటానికి మెత్తని మనిషి. ఆమె అరిచినంతసేపూ విని, మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపి, "ముందు నువ్వు చల్లబడమ్మా. ఫ్యాను ఎక్కడికీ పోదుగా" అనేవాడు. ఆ మాటకు ఆమె ఇంకా రెచ్చిపోయి ఏదో ఒకటి నోరుజారేది. మర్నాడు నోరుజారిన మాటకు తనే వెళ్లి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చేది. ఫ్యాను సంగతి అక్కడితో అటకెక్కేది.

అలాంటి రోజుల్లో మేనేజరు ఒక ధ్యానం టీచరును తీసుకొచ్చాడు. భోజనాలయ్యాక కాసేపు అందరూ కూర్చోవాలని, అంతా మన మనశ్శాంతి కోసమేనని చెప్పాడు. చెబుతున్నంతసేపూ నిప్పుకోడి వైపే చూశాడు.

"నా నోటికి తాళం వెయ్యడానికి మనిషిని పెట్టాడు పిన్నీ" అందామె.

"పోనీలేవే. కూర్చోబెట్టి జీతమిస్తానంటే కాదంటామా" అంది పిన్ని.

టీచరు పూర్వం నర్సుగా పనిచేసిన మనిషి. పెద్ద పెద్ద మాటలేమీ చెప్పలేదు. "ఊపిరి దానంతటదే వస్తోంది, పోతోంది. దాన్ని మీరు తోలక్కర్లేదు. చూస్తూ ఉండండి" అంది.

నిప్పుకోడి కళ్లు మూసుకుంటే ఊపిరి కనబడలేదు. మేనేజరు కనబడ్డాడు. బుర్రలో అతనితో పోట్లాట పెట్టుకుంది. ప్రతిసారీ తనే గెలిచింది. ఆ మాట టీచరుకు చెబితే ఆవిడ, "పోట్లాడుకోనివ్వమ్మా. నువ్వు మాత్రం మధ్యలో దూరకు" అంది. నిప్పుకోడికి నవ్వొచ్చింది. మనుషులు చెప్పేవాటిలో పనికొచ్చే మాట ఒకటి చాలా కాలానికి విన్నట్టనిపించింది.

ఇంట్లో కూడా కూర్చోవడం మొదలుపెట్టింది. తెల్లవారుతుండగా, పొయ్యి వెలిగించక ముందు, వంటింట్లో చల్లటి గచ్చు మీద కూర్చునేది. మొదట్లో అత్తగారు వేళాకోళం చేసింది. కొన్నాళ్లకు బెంగపెట్టుకుంది. "నువ్వు అరవకపోతే ఇంట్లో ఎవరో తప్పిపోయినట్టుందే" అనేది.

ఒకరోజు పొద్దున అలా కూర్చుని ఉండగా ఎప్పటిలాగే కోపం వచ్చింది. ఈసారి ఆమె దాని వెంట పోకుండా చూసింది. కోపం అడుగున ఇంకేదో ఉంది. పొట్టలో పిడికిలి బిగించినట్టు ఒక పట్టు. అది భయం. పని పోతుందన్న భయం, నలుగురిలో చులకనవుతానన్న భయం. ఇన్నాళ్లూ అరిచింది కోపంతో కాదు, ఆ భయం ఎవరికీ వినబడకూడదని. దాన్ని తరమలేదు, బుజ్జగించలేదు. ఊపిరిని చూసినట్టే చూస్తూ కూర్చుంది. బిగుసుకున్న పిడికిలి మెల్లగా వదులైంది. తర్వాత చాలాసేపు లోపల చడీచప్పుడు లేదు. కళ్లు తెరిస్తే వంటింటి గోడ, గిన్నెలు, కిటికీ అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. వాటిని మొదటిసారి చూస్తున్నట్టుంది. ఎందుకో తెలియకుండా కళ్లనీళ్లు కారాయి.

ఆమె అరవడం మానేసింది. మేనేజరు మురిసిపోయాడు. వచ్చినవాళ్లందరికీ ఆమెను చూపించి, "ధ్యానం మహిమ" అనేవాడు. ఫ్యాను మాత్రం తిరగలేదు.

వేసవి ముదిరింది. ఒక మధ్యాహ్నం దుప్పటి అందిస్తూ అందిస్తూ పిన్ని ముందుకు తూలింది. ఆవిడ చేయి రోలర్ల వైపు పోతుండగా నిప్పుకోడి ఒక చేత్తో మెషిను ఆపే ఎర్ర మీట నొక్కి, రెండో చేత్తో ఆవిడ నడుం పట్టుకుని వెనక్కి లాగింది. లాగడంలో రోలరు తగిలి నిప్పుకోడి వేళ్ల చివర్లు కాలాయి. అంతటితో పోయింది. బయట నీడలో పడుకోబెట్టి, ముఖాన నీళ్లు చల్లి, తెలివి వచ్చాక కొడుకును పిలిపించి ఇంటికి పంపారు.

నిప్పుకోడి లోపలికి వచ్చేసరికి మేనేజరు రోలర్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"గండం గడిచింది. ఇంకొకరిని జోడీ పెట్టుకుని మెషిను ఆన్ చెయ్యి" అన్నాడు.

ఆమె ఒక దుప్పటి మడతపెట్టి, రోలర్ల ముందు నేల మీద వేసుకుని కూర్చుంది.

"ఫ్యాను తిరిగాక లేస్తాను సార్."

"మళ్లీ మొదలెట్టావా" అని అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అరుపుల కోసం చూశాడు. అవి రాలేదు. మంచినీళ్లు తెప్పించాడు. ఆమె తాగి, గ్లాసు పక్కన పెట్టింది.

"ఒళ్లు తెలిసే మాట్లాడుతున్నావా?"

"తెలిసే సార్."

"ఇన్నాళ్లు ధ్యానం చేసి నేర్చుకున్నది ఇదా?"

"ఇదే సార్."

అతను మాట మార్చాడు. "అవతల ఆసుపత్రిలో రోగులు దుప్పట్లు లేక ఇబ్బంది పడతారు. వాళ్ల ఉసురు పోసుకుంటావా?"

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. గుచ్చుకోనిచ్చింది. ఊపిరి ఒకటి వచ్చి పోయాక, "మడతపెట్టినవి బల్లల మీదున్నాయి. ఇవాళ్టికి సరిపోతాయి. రేపటి సంగతి మీ చేతిలో ఉంది" అంది.

మేనేజరు టీచరుకు కబురు పెట్టాడు. ఆవిడ వచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"లేమ్మా. ధ్యానం పంతాల కోసం కాదు. శాంతి కోసం."

"పంతమైతే నా గుండె దడదడలాడాలి కదండీ. చెయ్యి పట్టుకు చూడండి."

టీచరు పాత అలవాటుగా మణికట్టు పట్టుకుంది. ఆవిడ వేళ్లు చాలాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత కాలిన వేళ్ల చివర్లను చూసింది. తలెత్తి రోలర్లను, తడి గోడలను, కదలని ఫ్యానును చూసింది.

"ఇక్కడ ఇంత ఉక్కగా ఉంటుందని నాకు తెలియదు. నన్నెప్పుడూ భోజనాల గదిలోనే ఉంచారు" అంది. లేచి మేనేజరు దగ్గరకు వెళ్లి, "ఆవిడ కోపంగా లేదండీ. నేను చల్లార్చడానికి ఏమీ లేదు" అని చెప్పింది. తిరిగి వచ్చి నిప్పుకోడి పక్కన కూర్చుంది.

మడత బల్లల దగ్గర నుంచి ఒకావిడ వచ్చింది. తర్వాత ఇంకొందరు వచ్చారు. కొందరు రాలేదు, తల వంచుకుని మడతలు పెడుతూనే ఉన్నారు. నిప్పుకోడి వాళ్ల వైపు తప్పుపడుతున్నట్టు చూడలేదు. ఆ పొట్టలోని పిడికిలి ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

మేనేజరు ఫోన్లో ఎవరెవరితోనో మాట్లాడాడు. సాయంత్రమవుతుండగా ఎలక్ట్రీషియను నిచ్చెన, కొత్త మోటారు పట్టుకొచ్చాడు. ఫ్యాను తిరగడం మొదలవగానే గదిలోని ఆవిరి గోడ వైపు వంగి బయటకు పోయింది. నిప్పుకోడి లేవబోతే కాళ్లు తిమ్మిరెక్కి పక్కకు ఒరిగింది. టీచరు పట్టుకుంది. ఇద్దరూ నవ్వారు.

మర్నాడు మేనేజరు ఆమెను మురికి బట్టలు వేరుచేసే గదికి మార్చాడు. నెత్తురు, చీము, మందుల వాసన ఉండే ఆ గదికి ఎవరూ ఇష్టపడి వెళ్లరు. ధ్యానం క్లాసులు రద్దు చేశానని, టీచరు ఇక రాదని చెప్పాడు. ఆమె చేతి తొడుగులు వేసుకుని ఆ గదిలోకి వెళ్లి పని మొదలుపెట్టింది. బాధ కలగలేదని కాదు. కలిగింది, కాసేపు ఉంది.

భోజనాలయ్యాక ఆమె వెళ్లి ఎప్పటి చోటే కూర్చుని కళ్లు మూసుకుంది. ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చున్నారు. నిన్న తల వంచుకుని మడతలు పెట్టిన ఇద్దరు కూడా వాళ్లలో ఉన్నారు.

మేనేజరు గుమ్మంలోకి వచ్చాడు. "క్లాసు లేదని చెప్పానా?"

"క్లాసు కాదు సార్" అందామె కళ్లు తెరవకుండానే. "కూర్చున్నాం."

"చాలు, లేవండి."

"పని బెల్లు ఇంకా కొట్టలేదుగా సార్."

ఎవరూ కదల్లేదు. అతను కాసేపు గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు. చెయ్యగలిగింది ఏమీ కనబడక, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.