మా జానిస్ పెట్టుకున్న లాయరు

ఇల్లు అమ్మకానికి పెట్టినప్పటి నుంచీ నెవిల్ సగ్డెన్‌కి ఫోను మోగితే ఒళ్లు మండిపోతోంది.

తప్పు తనదే. ఇళ్ల ఏజెంటు కుర్రాడు, నోటినిండా పళ్లున్నవాడు, మొదటి రోజే చెప్పాడు. "లాయరు కోసం మీరు ఊరంతా తిరగక్కర్లేదు సార్. మాకు అలవాటైన కంపెనీ ఒకటుంది. అంతా ఫోన్లోనే అయిపోతుంది. ఊళ్లోవాళ్ల కంటే చవక కూడా." లాయరు మొహం చూడకుండా పనయిపోతుందంటే అదే పదివేలనుకున్నాడు నెవిల్. విడాకులప్పుడు చూసిన లాయర్ల మొహాలు అతనికి ఈ జన్మకి చాలు.

మొహం లేకపోవడమంటే ఏమిటో తరవాత తెలిసింది. చేసిన ప్రతిసారీ ఓ కొత్త గొంతు. ప్రతి గొంతుకీ కథ మొదటినుంచీ చెప్పుకోవాలి. "వేథర్‌క్లఫ్ అంటే ఎక్కడండీ?" అని అడిగింది ఒక గొంతు. "కొండమీద. పైకి చూస్తే మేము, కిందకి చూస్తే కాలువ," అన్నాడు. ఆ గొంతు నవ్వలేదు. బహుశా రాసుకుని ఉంటుంది.

అమ్మేది కొండ అంచున ఉన్న రాతి ఇల్లు. అమ్మ బతికుండగానే మునిసిపాలిటీ దగ్గర కొన్నది, నెవిల్ పేర ఉన్నది. బడి మధ్యలో వదిలేసి ప్లాస్టరింగ్ పనిలో చేరిన రోజు నుంచీ ఊళ్లో సగం గోడలకి అతను పూత వేశాడు. తనదని చెప్పుకోడానికి మిగిలినవి మాత్రం ఆ నాలుగు గోడలు, వాటి మధ్య జానిస్.

జానిస్ అతని అక్క. పుట్టుకతో బుర్ర నిదానం. "నిదానమేరా, లేనిది కాదు," అనేది అమ్మ. నెవిల్ విన్నాడు గాని బుర్రకెక్కించుకోలేదు. ఇప్పుడు ఆమెకి తుంటి ఎముక అరిగింది. వీధిలోంచి గుమ్మం దాకా పాత రాతిమెట్లు. కిందటి చలికాలం మంచు గడ్డకట్టినప్పుడు వాటిమీదే రెండుసార్లు పడింది. అందుకే కింద కాలువ పక్కన, మెట్లు లేని చిన్న ఫ్లాటు చూశాడు. ఈ ఇల్లు అమ్ముడైతేనే ఆ ఫ్లాటు చేతికొస్తుంది.

అన్నీ ఆమె కోసమే. ఆమెతో మాత్రం చెప్పలేదు. వద్దంటుందేమోనని భయం.

ఆ ఇంట్లో జానిస్‌కి ఒక కొలువుంది. వంటింటికీ ముందుగదికీ మధ్య గోడలో చిన్న చెక్క తలుపుల కిటికీ. అవతలనుంచి రెండు తట్లు తట్టి, తలుపులు తీసి, టీ కప్పు గట్టుమీద పెట్టి, "తరవాతెవరు?" అని అడుగుతుంది. గదిలో ఉన్నది నెవిల్ ఒక్కడే అయినా సరే, వరసలో ఊరంతా నిలబడ్డట్టే అడుగుతుంది. "నేనే," అని అతను లేచి వెళ్లి తీసుకోవాలి. కూర్చున్నచోటికి తెమ్మంటే ఊరుకోదు. "ఇది హోటలు కాదు," అంటుంది. మరి ఏమిటో చెప్పదు.

ఇల్లు చూడ్డానికి చంటిబిడ్డతో ఒక జంట వచ్చింది. "నా పని తాలూకు వాళ్లులే," అన్నాడు నెవిల్. జానిస్ మంచి కప్పులు తీసి, కిటికీలోంచి వాళ్లకి టీ ఇచ్చింది, క్రీము బిస్కెట్లిచ్చింది, బిడ్డ కాలివేళ్లు లెక్కపెట్టింది. వాళ్లు ఇల్లు బాగుందన్నారు. అంతకుముందే ఏజెంటు ప్రహరీలో బోర్డు పాతిపోయాడు. "అదేంటి నెవ్?" అని జానిస్ అడిగితే, "పక్కింటివాళ్లది," అనేశాడు.

అప్పుడొచ్చింది ఆ కాగితం. ఇల్లు తమ పేర లేకపోయినా సరే, అందులో ఉంటున్న పెద్దవాళ్లెవరైనా అమ్మిన రోజున తామూ ఖాళీ చేస్తామని ఒప్పుకుని సంతకం పెట్టాలట. లేకపోతే కొనేవాళ్లు ముందుకు రారు.

"మా అక్కకి విషయం కొంచెం నిదానంగా చెప్పాలి," అన్నాడు నెవిల్ ఫోన్లో.

"పరవాలేదు సార్. సంతకం పెట్టించి పంపేయండి. పది నిమిషాల పని," అంది ఆ రోజు గొంతు.

ఆ సాయంత్రమే బల్లమీద కాగితం పరిచి పెన్ను చేతికిచ్చాడు. జానిస్‌కి సంతకమంటే పండగ. నాలుక పళ్లమధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరాన్నీ గోడకి మేకు కొడుతున్నట్టు దింపుతుంది. పేరు సగం దాకా వచ్చి ఆగింది.

"ఏ ఇంటి కాగితం నెవ్ ఇది?"

అతను నోరు తెరిచాడు. పక్కింటిదని ఒకసారి అన్నవాడికి రెండోసారి అనడం ఎంతసేపు! కాని ఆమె చేతిలో పెన్నుంది. సగం పేరు కాగితంమీద తడిగా మెరుస్తోంది. తెరిచిన నోరు మూసుకున్నాడు.

జానిస్ అతని మొహంకేసి చాలాసేపు చూసింది. తరవాత పెన్నుకి మూత పెట్టేసింది.

"టీ పెడతా," అని లేచింది.

ఆ రాత్రి నెవిల్‌కి నిద్ర రాలేదు. కొనేవాళ్లు పోతే పోతారు, ఫ్లాటు పోతే పోతుంది, చలికాలం మళ్లీ రానే వస్తుంది, మెట్లు ఎక్కడికీ పోవు. ఇవన్నీ తెలిసిన భయాలు. తెలియనిది ఆ మూత చప్పుడు.

మర్నాడు ఆ ఫోను లాయర్ల కంపెనీకి దణ్ణం పెట్టేసి, జానిస్‌ని వెంటబెట్టుకుని బజారుకి దిగాడు. తిన్నగా మిసెస్ ఫారర్ ఆఫీసుకి వెళ్లాడు. విడాకుల్లో తన పెళ్లాం తరఫున నిలబడి, తనని పిండి ఆరేసిన లాయరమ్మ ఆమే. ఆఫీసు మేడమీద. జానిస్ మెట్లకేసి చూసి, కింద రొట్టెలకొట్టు ముందున్న బల్లమీద కూలబడింది.

"మీరా?" అంది మిసెస్ ఫారర్ కళ్లద్దాలు దించి. "ఈ గుమ్మం తొక్కనని అప్పట్లో ఒట్టేసినట్టు గుర్తు."

"ఒట్టేశాను. ఈ ఊళ్లో పనొచ్చిన లాయరెవరో నా ఒంటికి తెలుసు. ఆ దెబ్బలన్నీ మీవే."

ఆవిడ నవ్వాపుకుని కుర్చీ చూపించింది. కథంతా విన్నది, కాగితమంతా చదివింది. కిటికీ దగ్గరికెళ్లి కింద బల్లమీద కూర్చున్న జానిస్‌ని చూసింది.

"ఈ పేరు సగంలో ఆగిపోయిందేం?"

నెవిల్ చెప్పాడు. అంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి.

"మీ పని నేను చూస్తాను," అంది ఆవిడ. "కాని ఆమె సంతకం నేను పెట్టించను. నేను మీ మనిషిని. ఆమెకి ఆమె మనిషి ఒకరుండాలి. వేరే లాయరు."

"సరే, ఎవరో మీరే చెప్పండి."

"నేను చెప్పకూడదు. మీరూ చెప్పకూడదు. ఆమే చూసుకోవాలి."

"మా జానిస్‌కి లాయర్ల సంగతి ఏం తెలుసండీ?"

"మీకేం తెలిసి నన్ను పెట్టుకున్నారు?"

"నన్ను చితకబాదారని."

"అదీ ఒక లెక్కే. ఆమెకీ ఏదో లెక్క ఉంటుంది. వెళ్లండి."

కిందకొచ్చి ఎలా చెప్పాలో తెలియక, "జానిస్, నువ్వొక లాయర్ని పెట్టుకోవాలట," అన్నాడు.

"నాకా?"

"నీకే."

"ఒక్కదానికే?"

"ఒక్కదానికే."

జానిస్ లేచి, కోటు గుండీలన్నీ పెట్టుకుంది. చేతికర్ర ఊతంతో బజారు పొడుగూతా నడిచింది. మూలమీద గాజు తలుపుల ఆఫీసు ముందు ఆగి, లోపలున్నవాళ్లు తలెత్తి చూస్తారేమోనని కాసేపు నిలబడింది. ఎవరూ చూడలేదు. ముందుకి నడిచింది. చివరికి బట్టలుతికే మెషీన్ల దుకాణం పక్కన ఒక ఇరుకు తలుపు, దానిమీద ఇంతియాజ్ ఖోఖర్ అని పేరు. తలుపు రోడ్డుకి సమంగా ఉంది. జానిస్ లోపలికెళ్లి, ఎవర్నీ అడక్కుండా కుర్చీలో కూర్చుని, చేతులానించి లేచి, మళ్లీ కూర్చుంది.

"ఈయనే," అంది.

బల్ల వెనక నెరసిన గడ్డం ఆయన ముక్కలుచేసిన సమోసా పక్కనపెట్టి లేచాడు. "ఎందుకమ్మా నేనే?"

"మెట్లు లేవు. కుర్చీకి చేతులున్నాయి."

"ముప్ఫయ్యేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను. ఇంత మంచి కారణంతో నా దగ్గరికెవరూ రాలేదు," అన్నాడాయన. "మీ పేరు?"

"జానిస్."

"పూర్తి పేరు?"

"జానిస్ మార్గరెట్ సగ్డెన్."

"రండి మిస్ సగ్డెన్. మీరు మాత్రం," అని నెవిల్‌కేసి తిరిగాడు, "బయటుండాలి."

"నేనామె తమ్ముణ్ని!"

"అందుకే."

నెవిల్ మెషీన్ల దుకాణంలో బల్లమీద కూర్చున్నాడు. బయట తుంపర. ఎవరివో దుప్పట్లు గాజు వెనక గిరగిరా తిరుగుతున్నాయి. అమ్మ పోయినప్పటి నుంచీ జానిస్ చెప్పాల్సినవన్నీ తనే చెబుతున్నాడు, డాక్టరు దగ్గరా, దుకాణంలోనూ, పింఛను ఆఫీసులోనూ. ఆమె ఏమంటుందో తనకి తెలుసనుకున్నాడు. ఇప్పుడు గోడ అవతల ఆమె ఏదో అంటోంది, అది తనకి వినబడటంలేదు. ఒకసారి ఆమె నవ్వు వినబడింది. తరవాత చాలాసేపు ఏమీ వినబడలేదు. ఆ నిశ్శబ్దంలో ఆమె ఏడుస్తోందనిపించి లేచి తలుపుదాకా వెళ్లాడు. సిగ్గేసి మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

పిలిచేసరికి జానిస్ చేతుల కుర్చీలో మేయరమ్మలా కూర్చునుంది. ముందు టీ కప్పు, సమోసా ముక్క.

"మిస్ సగ్డెన్ నాతో చాలా చెప్పారు," అన్నాడు ఖోఖర్. "అవి మీకు చెప్పే హక్కు నాకు లేదు. రెండు మాత్రం చెప్పమన్నారు. మొదటిది, ఆవిడకి బోర్డు చదవడం వచ్చు."

నెవిల్ నేలకేసి చూశాడు.

"మా అమ్మ నేర్పింది," అంది జానిస్. "‘అమ్మకానికి’ అనుంది. మన ప్రహరీలో పాతి పక్కింటిదంటావేంటి నెవ్? పాపం పక్కింటివాళ్లు!"

"మరి నన్నడగలేదే?"

"అడిగాగా. రెండుసార్లు." ఆమె వేళ్లు చూపించింది. "నువ్వే చెబుతావని చూశా. ఆ బిడ్డ తల్లి నాకు చెప్పింది, మెట్లు తనకిష్టమని. నాకు ఇష్టం లేదు. నొప్పి. నేనెప్పుడన్నా వద్దన్నానా, వెళ్దామంటే?"

అనలేదు. అడిగితే కదా.

కొనడానికొచ్చినవాళ్లకి ఆమె మంచి కప్పులెందుకు తీసిందో నెవిల్‌కి అప్పుడర్థమైంది. "తప్పయింది జానిస్," అన్నాడు. పెళ్లాంతో ఒక్కసారైనా అనలేకపోయిన మాట.

"రెండోది షరతు," అన్నాడు ఖోఖర్. "కొత్త ఇంట్లో టీ కిటికీ ఉండాలి. అది లేకపోతే నా క్లయింటు సంతకం పెట్టరు."

"ఆ ఫ్లాటులో కిటికీ లేదు."

"నువ్వు గోడల పనివాడివేగా," అంది క్లయింటు.

సాయంత్రం మిసెస్ ఫారర్ ఫోనులో అంతా వింది. "ఆ గోడమీద ఇంటి బరువేమైనా ఉందా?"

"డొల్లగోడ. గుద్దితే పడిపోతుంది."

"గుద్దకండి. ఫ్లాటు మీరు కొన్నా భవనానికి ఓనరు వేరే ఉంటాడు. ఆయన ఒప్పుకోకుండా ఆ గోడలో బెజ్జం కొడితే రేపు మీకే చుట్టుకుంటుంది. ముందు ఆయనచేత రాయించుకుంటాను. అప్పటిదాకా ఫ్లాటు కాగితాలమీద సంతకం చెయ్యకండి. కొనేవాళ్లకి నేను చెబుతాను. ఆగుతారు."

ఆగారు. ఓనరు గొణిగాడట, ఏమిటా కిటికీ పిచ్చి అన్నాడట. ఆవిడ ఏం చెప్పిందో గాని చివరికి రాసిచ్చాడు. నెవిల్ మాత్రం లోలోపల సంతోషించాడు. అంత మొండిమనిషి ఈసారి తనవైపుంది.

ఆ తరవాత ఖోఖర్ ఆఫీసులో కొత్త కాగితం పెట్టారు. జానిస్ పెన్ను మూత తియ్యలేదు.

"మా నెవ్ చదవాలి. పైకి."

నెవిల్ చదివాడు. బడి వదిలాక పదిమందిలో పైకి చదవడం అతనికదే మొదలు. పెద్ద మాటల దగ్గర తడబడ్డాడు, వెనక్కి వెళ్లాడు, చెవులు ఎర్రబడ్డాయి. జానిస్ తొందరపెట్టలేదు. ఆమెకి నిదానం అలవాటే.

"ఇప్పుడు చదివింది నీకర్థమైందా?" అని అడిగింది.

"లేదు."

"నాకూ లేదు," అని లాయరు వైపు తిరిగింది. ఆయన ఇద్దరికీ కలిపి మళ్లీ చెప్పాడు. అప్పుడామె నాలుక పళ్లమధ్య పెట్టుకుని, మొదటి అక్షరంనుంచి చివరిదాకా, మధ్యపేరుతో సహా, ఎక్కడా ఆగకుండా మేకులు దింపింది.

కాలువ పక్క ఫ్లాటులో సామాన్లింకా పెట్టెల్లోనే ఉన్నాయి. నెవిల్ ముందుగదివైపు నిలబడి గోడమీద పెన్సిలుతో చదరం గీసి రంపం ఆడిస్తున్నాడు. తెల్లటి పొడి జుట్టునిండా, కనుబొమ్మల నిండా.

"నెవ్!" గోడ అవతలనుంచి కేక. "అనుమతి కాగితం ఉందా?"

"ఉంది మహాతల్లీ."

"మా లాయరు అడగమన్నాడు."

"మీ లాయరుకి వేరే పనేం లేదా?"

"లేదు. నేనే."

గోడముక్క ఊడి చేతిలోకొచ్చింది. బెజ్జం అంచులు గరుకుగా ఉన్నాయి. ఇంకా చెక్క బిగించాలి, పూత వెయ్యాలి, తలుపులు పెట్టాలి. "కాస్త ఆగు, పొడి పడుతుంది," అనబోయాడు. అప్పటికే అవతల గోడమీద రెండు తట్లు వినబడ్డాయి. పొడిలోంచి ఒక చెయ్యి, చేతిలో కప్పు, కప్పుమీద మూతలా పెట్టిన బిస్కెట్టు.

"తరవాతెవరు?"

నెవిల్ రంపం కిందపెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, వరసలో తనొక్కడే నిలబడ్డాడు.

"నేనే," అన్నాడు.